ముఖానికి రాసేవాటిలో మేలెంత, కీడెంత: రుజువుల లెక్క

ప్రవేశిక

తెలుగు ఇళ్లలో అద్దం దగ్గర ఉండే వస్తువుల జాబితా రాస్తే సబ్బు, షాంపూ, కొబ్బరినూనె, పౌడరు, ఫెయిర్‌నెస్ క్రీము, కాటుక, కుంకుమ, స్టిక్కర్ బొట్లు, జుట్టు రంగు, మెహందీ కోను, ఈ మధ్యకాలంలో సన్‌స్క్రీన్, సీరం అన్నీ అందులో చేరతాయి. వీటిలో ఏది చర్మానికి మంచిది, ఏది చెడ్డది అని అడిగితే రెండు జవాబులు తరచుగా వినబడతాయి. రసాయనాలన్నీ విషం, చెట్టూచేమల నుంచి వచ్చేవన్నీ క్షేమం అనేది ఒకటి. బజారులో అమ్ముతున్నారంటే ఎవరో పరీక్షించే ఉంటారనేది రెండోది. అచ్చయిన పరిశోధనల పక్కన పెట్టి చూస్తే రెండూ నిలవవు.

ఈ వ్యాసం ప్రతిపాదన ఇది. ఒక పదార్థం పేరు విని దాని మంచిచెడ్డలు తేల్చలేం. ఎంత గాఢతలో ఉంది, ఎన్నాళ్లు రాశారు, ఒంటి మీద ఏ చోట రాశారు, రాసుకున్నవారి చర్మం ఎలాంటిది అనే నాలుగు సంగతులు కలిస్తేనే ఫలితం తేలుతుంది. ఆ లెక్కన చూస్తే జనం ఎక్కువగా భయపడే పదార్థాలకూ, హాని గట్టిగా రుజువైన పదార్థాలకూ పొంతన చాలా తక్కువ.

రుజువుల్లో హెచ్చుతగ్గులు

సౌందర్య సాధనాల మీద వచ్చే పరిశోధనలన్నిటికీ ఒకే విలువ ఉండదు. గాజు పళ్లెంలో పెంచిన కణాల మీద ఒక పదార్థం పనిచేసినంత మాత్రాన, క్రీములోంచి చర్మం దాటుకుని అది అదే కణాల దాకా చేరుతుందని చెప్పలేం. మనుషుల మీద చేసే ప్రయోగాల్లోనూ తేడాలున్నాయి. ఒక చెంపకు మందున్న క్రీము, రెండో చెంపకు మందు కలపని అదే క్రీము రాయించి, ఏది ఎటు రాస్తున్నారో రోగికీ ఫలితం కొలిచే వైద్యుడికీ తెలియకుండా ఉంచితే ఆ ప్రయోగం మీద నమ్మకం పెరుగుతుంది. వాడినవారి అభిప్రాయం అడిగి శాతాలు ప్రకటించే ప్రకటనలు ఈ లెక్కలోకి రావు. ప్రయోగానికి డబ్బు పెట్టిందెవరు, ఎంతమంది మీద చేశారు, ఎన్ని వారాలు చూశారు అన్నవి కూడా చూసుకోవాలి.

హాని విషయంలో కొలత కొంచెం వేరు. హాని కలుగుతుందో లేదో చూద్దామని ఎవరికీ కావాలని రాయించలేం. అందువల్ల వైద్యులు తమ దగ్గరికి వచ్చిన రోగుల గురించి రాసే నివేదికలే మొదటి ఆధారం అవుతాయి. అనుమానం ఉన్న పదార్థాన్ని తగిన గాఢతలో వీపు మీద 48 గంటలు అంటించి ఉంచి, తర్వాత చర్మం ఎర్రబడిందా, పొక్కిందా అని చూసే ప్యాచ్ టెస్ట్ ఆ అనుమానాన్ని బలపరుస్తుంది, లేదా కొట్టివేస్తుంది. అయితే ఆసుపత్రికి వచ్చినవారిలో తేలిన శాతాలు ఊరందరికీ వర్తించవు. ఈ వ్యాసంలో వచ్చే అంకెలను ఆ జాగ్రత్తతోనే చదవాలి.

చర్మం పైపొర: ఏది లోపలికి వెళ్తుంది?

చర్మానికి కాపలా అంతా దాని పైపొరదే. అరచేతుల్లో, అరికాళ్లలో తప్ప ఒంటి మీద చాలాచోట్ల దాని మందం 10 నుంచి 20 మైక్రాన్లు మాత్రమే. చదునైన మృతకణాలు ఇటుకలుగా, వాటి మధ్య సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు అడుసుగా అమెరికన్ చర్మశాస్త్రవేత్త పీటర్ ఎలియస్ వర్ణించిన నమూనా ఇప్పటికీ చెల్లుబాటు అవుతోంది.

ఈ గోడను దాటడం పెద్ద అణువులకు కష్టం. 500 డాల్టన్లకు మించిన అణువులు ఆరోగ్యంగా ఉన్న చర్మంలోకి దాదాపు వెళ్లలేవని 2000లో బాస్, మైనార్డి అనే పరిశోధకులు ప్రతిపాదించారు. చర్మానికి ఎలర్జీ కలిగించే పదార్థాలు, పైపూతగా పనిచేసే మందులు దాదాపు అన్నీ ఆ హద్దుకు లోపలే ఉన్నాయని వారు చూపించారు. క్రీముల్లో కలిపే కొల్లాజెన్ అణువు బరువు లక్షల డాల్టన్లు. అది పైన పొరలా నిలిచి తేమను పట్టి ఉంచగలదు గానీ లోపలికి పోయి ముడతలు పూడుస్తుందనడానికి ఈ లెక్క అడ్డొస్తుంది. జుట్టు రంగులో ఉండే పారాఫినిలిన్‌డయమిన్ అణువు బరువు 108 డాల్టన్లే. దాని కథ ముందు ముందు వస్తుంది.

రాసే చోటు కూడా ముఖ్యమే. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ హైడ్రోకార్టిసోన్‌ను ఒంటి మీద వేర్వేరు చోట్ల రాసి ఎంత లోపలికి ఇంకిందో కొలిచారు. ముంజేతితో పోలిస్తే నుదుటి మీద 6 రెట్లు, దవడ అంచున 13 రెట్లు ఎక్కువగా ఇంకింది. కాబట్టి చేతి మీద రాసి చూసి ఏమీ కాలేదని ముఖానికి రాసుకోవడం పూర్తి భరోసా ఇవ్వదు.

కడుగుడు సామగ్రి విషయానికొస్తే, చర్మం స్వభావం కొద్దిగా ఆమ్లం, దాని పీహెచ్ 5 దరిదాపుల్లో ఉంటుంది. మామూలు సబ్బుది 9 నుంచి 10. షాంపూల్లో నురగ కోసం వేసే సోడియం లారిల్ సల్ఫేట్ చర్మాన్ని మండించగలదనడంలో సందేహం లేదు. చర్మం ఎంత తట్టుకుంటుందో కొలవడానికి పరిశోధకులు వాడే ప్రామాణిక పదార్థమే అది. అయినా ఆ ప్రయోగాల్లో దాన్ని గంటల తరబడి అంటించి ఉంచుతారు. షాంపూ నిమిషంలో కడిగేస్తాం. ఎగ్జిమా ఉన్నవారు, రోజంతా గిన్నెలు తోమే చేతులున్నవారు దానికి దూరంగా ఉండటానికి ఆధారం ఉంది. అది క్యాన్సర్ తెస్తుందన్న ప్రచారానికి లేదు.

పారబెన్ల భయం, దాని పర్యవసానం

క్రీముల్లో, షాంపూల్లో బూజు, బాక్టీరియా పెరగకుండా వేసే పారబెన్ల మీద వచ్చినంత అపవాదు ఇటీవలి కాలంలో మరే పదార్థం మీదా రాలేదు. 2004లో బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫిలిప్పా డార్బ్రే బృందం 20 రొమ్ము కణితి నమూనాల్లో పారబెన్ల ఆనవాళ్లు కనిపెట్టింది. ఆరోగ్యంగా ఉన్న కణజాలంతో పోలిక ఆ పరిశోధనలో లేదు. పారబెన్లే క్యాన్సర్‌కు కారణమని తాము అనలేదని ఆ పరిశోధకులే తర్వాత వివరణ ఇచ్చారు. పారబెన్లకు ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను అనుకరించే గుణం కొంత ఉన్న మాట నిజం. 1998 నాటి ప్రయోగశాల పరీక్షలో వాటిలో బలమైన బ్యూటైల్ పారబెన్ కూడా అసలు హార్మోన్‌తో పోలిస్తే పదివేల రెట్లు బలహీనమని తేలింది.

ఇంతటితో పారబెన్లన్నీ నిర్దోషులని తీర్పు ఇవ్వడం కూడా తొందరపాటే. 2014లో యూరప్ ఐదు రకాల పారబెన్లను నిషేధించింది. వాటి భద్రత తేల్చడానికి కావలసిన సమాచారం పరిశ్రమ ఇవ్వకపోవడం అందుకు కారణం. ప్రొపైల్, బ్యూటైల్ రకాల మొత్తానికి 0.14 శాతం హద్దు పెట్టి, మూడేళ్ల లోపు పిల్లలకు న్యాపీ కట్టే చోట రాసేవాటిలో వాటిని వద్దంది. మిథైల్, ఇథైల్ రకాలను కొనసాగనిచ్చింది. ఎలర్జీ పరంగా పారబెన్లు ఎంత తక్కువ ఇబ్బంది పెడతాయో గుర్తు చేస్తూ అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2019లో వాటిని ఎలర్జీ కలిగించని పదార్థంగా ప్రత్యేకంగా ప్రకటించింది.

ఆ భయం ఊరికే పోలేదు. పారబెన్లు లేవని డబ్బా మీద రాసుకోవాలంటే వేరే నిల్వ పదార్థం కావాలి. యూరప్ 2005లో మిథైల్‌ఐసోథయాజోలినోన్‌ను 100 పీపీఎం (పది లక్షల భాగాల్లో 100) దాకా విడిగా వాడుకోనిచ్చింది. తడి టిష్యూల్లో, క్రీముల్లో దాని వాడకం పెరిగాక చర్మ విభాగాలకు ఎలర్జీ రోగుల తాకిడి పెరిగింది. అదే అమెరికన్ సొసైటీ 2013లో దాన్ని ఆ ఏటి ఎలర్జీ పదార్థంగా ఎంచింది. 2017 నుంచి యూరప్‌లో, రాసుకుని ఉంచుకునే ఉత్పత్తుల్లో దాన్ని నిషేధించారు. కడిగేసేవాటిలో 15 పీపీఎంకి కుదించారు. బలహీనమైన ఆధారంతో పుట్టిన భయం కంపెనీలను బలమైన హాని చేసే పదార్థం వైపు నెట్టడంలో కొంత పాత్ర పోషించింది.

ప్రకృతి నుంచి వచ్చిందన్న మాట కూడా భరోసా కాదు. నిమ్మజాతి కాయల రసంలో ఉండే ఫ్యూరోకూమరిన్లు చర్మానికి తగిలి, ఆ మీద ఎండ సోకితే బొబ్బలు, తర్వాత నెలల తరబడి నల్లమచ్చలు రావచ్చు. సువాసన నూనెల్లోని లినలూల్, లిమోనీన్ గాలి తగిలి ఆక్సీకరణ చెందాక ఎలర్జీ కలిగించే శక్తి పుంజుకుంటాయి. లేబుల్ మీద పెర్‌ఫ్యూమ్ అన్న ఒక్క మాట కింద ఇలాంటివి పదుల కొద్దీ ఉండొచ్చు. విడిగా పేర్కొనాల్సిన సువాసన పదార్థాల సంఖ్యను యూరప్ 2023లో 26 నుంచి 80కి పైగా పెంచింది.

తెల్లబరిచే క్రీములు: నాలుగు పదార్థాలు, నాలుగు కథలు

మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో బజారుకొచ్చింది. 2020లో దాని పేరులోంచి ఫెయిర్ అన్న మాట తీసేశారు. ఇలాంటి క్రీముల్లో చట్టబద్ధంగా వాడే ప్రధాన పదార్థం నియాసినమైడ్, అంటే బి3 విటమిన్ రూపం. మెలనిన్ రంగు తయారయ్యాక అది పక్క కణాలకు చేరకుండా కొంత అడ్డుకుంటుంది. 2002లో హకోజాకి బృందం కణాల మీద చేసిన పరీక్షలో ఈ చేరవేత 35 నుంచి 68 శాతం దాకా తగ్గింది. అదే పరిశోధనలో మచ్చలున్న 18 మంది మీద 5 శాతం క్రీమును, ఎండకు కమిలిన 120 మంది మీద 2 శాతం నియాసినమైడ్ కలిపిన సన్‌స్క్రీన్‌ను పరీక్షించగా నాలుగు వారాల్లో కొలవదగిన తేడా వచ్చింది. పరిశోధకులు ఆ పదార్థంతో క్రీములు అమ్మే కంపెనీకి చెందినవారన్న సంగతి గుర్తుంచుకోవాలి. 2011లో మెక్సికోలో మంగు మచ్చలున్న 27 మందికి ఒక చెంపకు 4 శాతం నియాసినమైడ్, రెండో చెంపకు 4 శాతం హైడ్రోక్వినోన్ రాయించారు. ఎనిమిది వారాల తర్వాత మంచి ఫలితం మొదటిదానితో 44 శాతం మందిలో, రెండోదానితో 55 శాతం మందిలో కనబడింది. చిరాకు కలిగించడం మాత్రం మొదటిదానికి తక్కువ. ఈ చిన్న ప్రయోగాల నుంచి తీయగలిగే నిర్ధారణ పరిమితం: మచ్చలను కొంత పలచబరుస్తుంది, మానేస్తే ఆ ఫలితం నిలవదు, పుట్టుకతో వచ్చిన రంగును మార్చదు.

హైడ్రోక్వినోన్ మందు. మెలనిన్ తయారీకి కావలసిన టైరోసినేస్ ఎంజైమును అది అడ్డుకుంటుంది. వైద్యుల పర్యవేక్షణలో కొన్ని నెలలు వాడితే పనిచేస్తుందనడానికి గట్టి ఆధారాలున్నాయి. ఏళ్ల తరబడి, ఎక్కువ గాఢతలో, ఎండలో తిరుగుతూ వాడితే ముఖం మీద నీలినలుపు మచ్చలు పడి పోకుండా ఉండిపోతాయని 1975లో దక్షిణాఫ్రికా నుంచి ఫిండ్లే బృందం రాసింది. దీన్ని ఓక్రనోసిస్ అంటారు. తెలుపు కోసం రాసిన క్రీమే నలుపు తెచ్చిన ఈ ఉదంతాలు పెరగడంతో ఆ దేశం 1990లో సౌందర్య సాధనాల్లో దాన్ని నిషేధించింది. ఒకే పదార్థం, కాలమూ గాఢతా మారేసరికి ఫలితం తలకిందులైంది.

మూడోది స్టెరాయిడ్. తెలుగు నేలతో సహా దేశమంతటా వైద్యులను ఎక్కువగా కలవరపెడుతున్నది ఇదే. 1975లో క్లిగ్‌మన్, విల్లిస్ మంగు మచ్చలకు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ కలిపిన సూత్రం ప్రకటించారు. ఈ కోవ మిశ్రమాలను వారాల లెక్కన, వైద్యుడు చూస్తుండగా వాడాలి. మన మెడికల్ షాపుల్లో అలాంటి గొట్టాలు చీటీ లేకుండా చేతులు మారి రోజువారీ క్రీములయ్యాయి. స్టెరాయిడ్ రాసిన కొద్దిరోజులకే ముఖం నున్నగా, తేటగా కనిపిస్తుంది. ఎరుపు, వాపు అణగడం, రంగు కణాల పని మందగించడం, రక్తనాళాలు కుంచించుకోవడం అందుకు కారణాలు. నెలలు గడిచేకొద్దీ కొల్లాజెన్ తగ్గి చర్మం పలచబడుతుంది. సన్నని రక్తనాళాలు ఎర్రగా బయటపడతాయి. మొటిమలు, నూగు వెంట్రుకలు వస్తాయి. మానేస్తే మంట, ఎరుపు ఎగదన్నుతాయి. దాంతో మళ్లీ రాస్తారు.

ఈ పరిస్థితికి స్టెరాయిడ్ వల్ల దెబ్బతిన్న ముఖం అనే అర్థం వచ్చే పేరును కోల్‌కతా వైద్యులు లాహిరి, కుండూ 2008లో ప్రతిపాదించారు. 2011లో అచ్చయిన సరస్వత్ బృందం అధ్యయనం దేశంలోని 12 కేంద్రాల్లో ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలించింది. వారిలో 433 మంది, అంటే 14.8 శాతం, స్టెరాయిడ్ వాడుతున్నారు. ఆ 433 మందిలో 29 శాతం దాన్ని తెల్లబరిచే క్రీముగానో, మామూలు ముఖం క్రీముగానో రాసుకుంటున్నారు. 59 శాతం మందికి ఆ సలహా ఇచ్చింది వైద్యులు కానివారు. ఆసుపత్రికి వచ్చినవారి లెక్క కనుక ఊరంతటికీ దీన్ని అన్వయించలేం. అయినా సలహా ఎక్కడి నుంచి వస్తోందో చెప్పడానికి ఇది చాలు. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతలను చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ పరిధిలోకి తెచ్చింది.

నాలుగోది పాదరసం. ఇదీ టైరోసినేస్‌ను అడ్డుకునే తెలుపు తెస్తుంది. తేడా ఏమిటంటే ఇది చర్మంలో ఆగిపోదు, రక్తంలో కలిసి మూత్రపిండాలకు చేరుతుంది. కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో మూత్రపిండాల వైద్యులు 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు దాకా మెంబ్రేనస్ నెఫ్రోపతి అనే జబ్బున్న 22 మందిని గుర్తించారు. వారిలో 15 మందిలో నెల్-1 అనే అరుదైన ప్రొటీన్ జాడ కనబడింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబరిచే క్రీములు వాడినట్టు చెప్పారు. మానేశాక చాలామందికి జబ్బు తగ్గింది. పోల్చి చూడ్డానికి వేరే బృందం లేని పరిశీలన ఇది. అయినా క్రీము మానితే జబ్బు తగ్గడం, పాదరసం మూత్రపిండాలను దెబ్బతీస్తుందని ముందే తెలిసి ఉండటం కలిసి దీన్ని నమ్మదగినదిగా చేస్తున్నాయి. అమెరికాలో ఇలాంటి క్రీము వాడుతున్న ఇళ్లలో, దాన్ని రాసుకోని కుటుంబ సభ్యుల ఒంట్లోనూ పాదరసం హెచ్చుగా ఉన్న ఉదంతాలు నమోదయ్యాయి.

మన కాస్మెటిక్స్ రూల్స్, 2020 ప్రకారం కంటి చుట్టూ వాడేవాటిలో 70 పీపీఎం, మిగతా వాటిలో పొరపాటున కలిసిన పాదరసమైతే 1 పీపీఎం హద్దు. మినమాటా ఒప్పందంలో భారత్ 2018లో చేరింది. సమస్య ఎక్కువగా వస్తున్నది తయారీదారు పేరు, పదార్థాల జాబితా లేని సరుకుతో. పాదరసం కలిపినవారు ఆ మాట డబ్బా మీద రాయరు గనుక లేబుల్ చదివి దీన్ని తప్పించుకోలేం. ఎవరు తయారు చేశారో తెలియని క్రీమును మానుకోవడం ఒక్కటే దారి.

బొట్టు, కుంకుమ, జుట్టు రంగు

స్టిక్కర్ బొట్టు పెట్టుకునే చోట నుదుటి మీద తెల్లమచ్చ పడటం మనవాళ్లకు కొత్త కాదు. జిగురులో ఉండే పారా టెర్షియరీ బ్యూటైల్‌ఫినాల్ దీనికి కారణమని అలహాబాదుకు చెందిన బజాజ్ బృందం 1990లో రాసింది. ఈ పదార్థం అణువు మెలనిన్ ముడిసరుకైన టైరోసిన్‌ను పోలి ఉంటుంది. రంగు కణం దాన్ని లోపలికి తీసుకుని పనిచేయబోయి విషపూరితమైన క్వినోన్లుగా మార్చుకుంటుంది. దాంతో రంగు కణాలే చనిపోతాయి. అందరికీ ఇలా జరగదు. అదే బొట్టు నలభై ఏళ్లు పెట్టుకున్నా ఏమీ కానివారే ఎక్కువ. కోల్‌కతాలో ఘోష్, ముఖోపాధ్యాయ్ 2009లో అచ్చు వేసిన 864 మంది రోగుల అధ్యయనంలో, రసాయనాల వల్ల వచ్చిన తెల్లమచ్చలకు 27.4 శాతం మందిలో జుట్టు రంగు, 21.6 శాతం మందిలో డియోడరెంట్లు, స్ప్రే సెంట్లు, 12 శాతం మందిలో అంటించుకునే బొట్టు కారణంగా తేలాయి.

ముందస్తు పరీక్షలు ఎంతవరకు పట్టిస్తాయో జపాన్ అనుభవం చెబుతుంది. కనేబో కంపెనీ తెల్లబరిచే ఉత్పత్తుల్లో వాడిన రోడోడెండ్రాల్‌కు అక్కడి ప్రభుత్వం 2008లో అనుమతి ఇచ్చింది. 2013 జులైలో కంపెనీ వాటిని వెనక్కి తీసుకుంది. దాదాపు 8 లక్షల మంది వాడగా 19 వేల మందికి పైగా తెల్లమచ్చల పాలయ్యారు. హాని జరిగిన తీరు బొట్టు జిగురులో చూసినలాంటిదే. అనుమతికి ముందు కొన్ని వందల మంది మీద చేసే ప్రయోగంలో, వందకు ఇద్దరికి, అదీ నెలల తర్వాత కనబడే హాని కళ్లు కప్పి వెళ్లిపోగలదు.

కుంకుమ సంగతి వేరు. పసుపును సున్నంలాంటి క్షారంతో కలిపితే వచ్చే ఎరుపే అసలు కుంకుమ. చవక సరుకులో పసుపు బదులు బట్టలకు వేసే రకం ఎజో రంగులు పడుతుంటాయి. కుంకుమ పెట్టుకునే చోట ఎర్రబడకుండానే నెమ్మదిగా నల్లబడే ఎలర్జీ గురించి 1986లోనే సింగపూరు నుంచి నివేదిక అచ్చయింది. జపాన్‌లో ఇలాంటి నల్లమచ్చలకు సుడాన్-1 కలిసిన రంగు ఒక ముఖ్య కారణమని తేలి, 1970ల చివర కంపెనీలు అలాంటివాటిని తీసేశాక కొత్త రోగులు బాగా తగ్గారు. కారణం తీసేస్తే జబ్బు తగ్గడం ఈ రంగంలో దొరికే బలమైన రుజువుల్లో ఒకటి.

జుట్టు రంగులో పారాఫినిలిన్‌డయమిన్, అంటే పీపీడీ, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిసి వెంట్రుక లోపల పెద్ద అణువుగా మారి నలుపు తెస్తుంది. ఆ మార్పు పూర్తికాక ముందు దాని చిన్న అణువు చర్మంలోకి తేలిగ్గా దూరుతుంది. ఒకసారి ఒళ్లు దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటే ఆ ఎలర్జీ సాధారణంగా జీవితాంతం ఉంటుంది. మాడు, కనురెప్పలు, చెవులు వాచిపోవడం దాని గుర్తు. తలకు వాడేటప్పుడు యూరప్ 2 శాతం హద్దు పెట్టింది. మన నిబంధనల ప్రకారం డబ్బా మీద ముందస్తు పరీక్ష చేసుకోమన్న హెచ్చరిక ఉండాలి. చెవి వెనకో, మోచేతి మడతలోనో రాసి 48 గంటలు చూడమనడం ఆచారం కోసం కాదు. ఈ రకం ఎలర్జీ ఒకటి రెండు రోజుల తర్వాతే బయటపడుతుంది.

నూరి పెట్టుకునే గోరింటాకులో రంగునిచ్చేది లాసోన్. అది గంటల తరబడి ఉంచితే నారింజ ఎరుపుగా పండుతుంది. నిమిషాల్లో నల్లగా పండే కోన్లలో పీపీడీ ఉండే అవకాశం ఉంది. పెళ్లిలో ఇలాంటి కోను పెట్టుకుని ఎలర్జీ తెచ్చుకున్న పిల్ల, ఏళ్ల తర్వాత మొదటిసారి జుట్టుకు రంగు వేసుకున్నప్పుడు తీవ్రంగా బాధపడవచ్చు.

మేలు రుజువైనవి

సన్‌స్క్రీన్‌కు ఉన్నంత బలమైన ఆధారం మరే సౌందర్య సాధనానికీ లేదు. ఆస్ట్రేలియాలోని నాంబూర్‌లో 1992 నుంచి 1,621 మందిని లాటరీ పద్ధతిలో విడగొట్టి, కొందరికి రోజూ రాయించారు. వారిలో స్క్వామస్ రకం చర్మ క్యాన్సర్ సుమారు 40 శాతం తగ్గింది. 903 మందిని పరిశీలించిన మరో భాగంలో నాలుగున్నరేళ్ల తర్వాత చర్మం ముదిరే సూచనలు 24 శాతం తక్కువగా ఉన్నాయి. అయితే వాళ్లది తెల్ల చర్మం. మన చర్మానికి ఆ క్యాన్సర్ ముప్పు చాలా తక్కువ గనుక ఆ మేలును అదే కొలతలో మనకు ఆపాదించకూడదు.

మనకు ఎక్కువగా పనికొచ్చేది మచ్చల కోణం. చామనఛాయ, నలుపు చర్మాలు అతినీలలోహిత కిరణాలకే కాక కంటికి కనిపించే వెలుతురుకు కూడా నల్లబడి, ఆ నలుపు నిలుస్తుందని 2010లో మహమూద్ బృందం చూపించింది. తెలుపు సన్‌స్క్రీన్లు ఆ వెలుతురును అంతగా ఆపలేవు, ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగు సన్‌స్క్రీన్లు ఆపుతాయి. మంగు ఉన్న 68 మందితో మెక్సికోలో చేసి 2014లో ప్రకటించిన ప్రయోగంలో రెండో రకం వాడినవారికి ఎక్కువ మేలు కలిగింది. పరీక్షల్లో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు రాస్తారు. జనం సాధారణంగా అందులో సగమో పావో రాస్తారు గనుక డబ్బా మీది అంకెంత రక్షణ అందదు.

కొన్ని సన్‌స్క్రీన్ రసాయనాలు రక్తంలో కలుస్తాయని 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 24 మంది మీద చేసిన పరీక్షలో తేలింది. కలవడం వేరు, హాని చేయడం వేరు. వాడకం మానవద్దని ఆ సంస్థే చెప్పింది. ఆందోళన ఉన్నవారికి పైపొరలోనే నిలిచే జింక్ ఆక్సైడ్ రకాలున్నాయి.

రెటినాల్ మీద 2007లో కాఫి బృందం సగటున 87 ఏళ్ల వయసున్న 36 మందితో ప్రయోగం చేసింది. ఒక చేతికి 0.4 శాతం రెటినాల్ లోషన్, రెండో చేతికి అది లేని లోషన్ 24 వారాలు రాయగా సన్నని ముడతలు తగ్గాయి. మొదట్లో మంట, పొట్టు లేవడం సహజం. గర్భవతులు దీన్ని వాడకూడదు. ఇక కొబ్బరినూనెకు కూడా ప్రయోగ బలం ఉంది. ఫిలిప్పీన్స్‌లో ఎగ్జిమా ఉన్న 117 మంది పిల్లల మీద చేసి 2014లో ప్రకటించిన పరిశీలనలో, 8 వారాల్లో జబ్బు తీవ్రత స్కోరు పచ్చి కొబ్బరినూనెతో 68 శాతం, మినరల్ ఆయిల్‌తో 38 శాతం తగ్గింది. ఇది ఒంటి మీద పొడిబారిన చర్మానికి సంబంధించిన ఫలితం. మొటిమల ముఖానికి దీన్ని అన్వయించడానికి వీల్లేదు.

లేబుల్ ఎంతవరకు చెబుతుంది?

మన నిబంధనల ప్రకారం ఒక శాతానికి మించిన పదార్థాలను పరిమాణం తగ్గే వరుసలో రాయాలి. ఆ తర్వాత ఒక శాతం, అంతకు తక్కువ ఉన్నవాటిని ఏ వరుసలోనైనా రాయొచ్చు. అందువల్ల ముందు వైపు పెద్ద అక్షరాల్లో ఉన్న కుంకుమపువ్వు, వెనక జాబితాలో సువాసన పక్కన కనిపిస్తే అది నామమాత్రమై ఉండొచ్చు. 30 గ్రాముల లోపు క్రీములకు, 60 మిల్లీలీటర్ల లోపు ద్రవాలకు ఈ జాబితా నుంచి మినహాయింపు ఉంది. చిన్న ప్యాకెట్లే ఎక్కువగా అమ్ముడుపోయే మన బజారులో ఇది చిన్న లోపం కాదు. హైపోఅలర్జెనిక్, డెర్మటాలజిస్టులు పరీక్షించినది వంటి మాటలకు ఇంత పరీక్ష జరిగితేనే వాడాలన్న కచ్చితమైన కొలమానం లేదు.

ముగింపు

పైన చూసిన ఆధారాలను బలాన్ని బట్టి పేర్చితే ఇలా ఉంటుంది. పాదరసం, వైద్యుడి ప్రమేయం లేని స్టెరాయిడ్, పీపీడీ, బొట్టు జిగురులోని ఫినాల్, మిథైల్‌ఐసోథయాజోలినోన్ హాని చేస్తాయనడానికి గట్టి రుజువులున్నాయి. వీటిలో చివరి మూడూ కొందరికే, కానీ వారికి తీవ్రంగా చేస్తాయి. హైడ్రోక్వినోన్ మంచిచెడ్డలు కాలం మీద, గాఢత మీద ఆధారపడ్డాయి. అనుమతించిన పరిమాణంలో మిథైల్, ఇథైల్ పారబెన్ల మీద ఉన్న భయానికి చర్మం వరకు ఆధారం బలహీనం. సన్‌స్క్రీన్ మేలు దృఢంగా, రెటినాల్, నియాసినమైడ్, కొబ్బరినూనెల మేలు చిన్న ప్రయోగాల మేరకు రుజువైంది.

ఈ హానులు బయటపడిన తీరులో ఒక పోలిక ఉంది. 1939లో అమెరికాలో తోళ్ల కర్మాగారం కార్మికుల చేతులు తెల్లబడటానికి వారి రబ్బరు చేతితొడుగుల్లోని రసాయనం కారణమని తేలింది ఏం తొడుక్కుంటున్నారని వైద్యులు ఆరా తీయడం వల్లే. జపాన్ తెల్లమచ్చలు, కొట్టక్కల్ మూత్రపిండాల జబ్బు బయటపడటానికీ రోగులు ఏం రాసుకుంటున్నారన్న ప్రశ్నే మూలం. ప్రయోగశాలకు చిక్కని హానిని పట్టే సాధనం ఇప్పటికీ ఆ ప్రశ్నే. ముఖం మీద కొత్త మచ్చ, మంట, వాపు కనిపిస్తే వాడుతున్నవన్నీ ఆపేసి, ఆ డబ్బాలు, గొట్టాలు, కోన్లు, బొట్టు అట్టతో సహా సంచిలో వేసుకుని చర్మవ్యాధి నిపుణుల దగ్గరికి వెళ్లాలి. వాళ్లు అడగకపోయినా చూపించాలి. కాళ్ల వాపుతో మూత్రపిండాల వైద్యుడి దగ్గరికి వెళ్లినా క్రీము సంగతి చెప్పాలి.